వెంపలిలా ఉందా? కాయ వచ్చేదాకా ఆగండి

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో బాయిసీ ఊరి దగ్గర సేజ్‌బ్రష్ అనే పొదల మధ్య నేలకు అతుక్కుని, బూడిదరంగు ఆకులు, ఊదా పూలతో కనిపించిన మొక్క మన వెంపలేనా అని అడిగారు. కాదండీ. చిన్న చిన్న ఆకులు రెండు వైపులా బారులు తీరి ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, పైగా రెండూ చిక్కుడు కుటుంబమే. ఇది మిల్క్‌వెచ్, అంటే ఆస్ట్రగాలస్. అందులో ఏ రకం అన్నదే తలనొప్పి. ప్రపంచంలో వీటి జాతులు దాదాపు 3,000.

నేను ఐడహో వచ్చిన కొత్తలో ఏప్రిల్‌లో పూల ఫొటోలు మాత్రమే తీసుకుని, ఫోన్‌లో యాప్ ఒక్కో ఫొటోకి ఒక్కో పేరు చెబుతుంటే విసిగిపోయాను. జూన్‌లో మళ్లీ అటు నడిచాను. సేజ్‌బ్రష్ ఆకు నలిపితే మాచిపత్రి గుర్తొస్తుంది (అదీ ఇదీ ఆర్టిమీసియాలే), నేను ఆ వాసన కోసమే వెళ్తుంటాను. దారి పక్కన ఎవరో దూది ఉండలు పారేశారనుకున్నా. వంగి చూస్తే, నా ఏప్రిల్ మొక్క కాయలు! తెల్లటి పొడుగాటి నూగులో కాయ పూర్తిగా మునిగిపోయి ఉంది. దాన్ని ఇక్కడ వూలీపాడ్ అంటారు, ఆస్ట్రగాలస్ పర్షియై. మీదీ అదే అయ్యుండొచ్చు, కానీ పూలు చూసి ఒట్టేయలేను. ఈ రకంలోనే మీగడరంగు పూలూ ఉంటాయి, ఊదావీ ఉంటాయి.

కాయ నున్నగా, బుడగలా ఉబ్బి, ఎర్రటి మచ్చలతో ఉంటే అది ఫ్రెకిల్డ్ మిల్క్‌వెచ్ కావచ్చు. అడ్డంగా కోస్తే లోపల రెండు గదులుంటాయి. ఎండాక ఊపితే గిలిగిచ్చ కాయలా గలగలమంటుంది. పువ్వులో పడవలాంటి కింది రేకుల చివర సూదిముక్కు ఉంటే మాత్రం అసలు మిల్క్‌వెచ్చే కాదు, దాని దాయాది ఆక్సీట్రోపిస్.

చిక్కుడు జాతే కదా అని కాయ నోట్లో పెట్టుకోకండి. ఫ్రెకిల్డ్ లాంటి కొన్నిటిని లోకోవీడ్ అంటారు. వాటిలో కాపురముండే ఒక బూజు స్వైన్సోనిన్ అనే విషం తయారుచేస్తుంది, రోజుల తరబడి మేసిన పశువులు, గుర్రాలు తూలిపోతాయి.

పీకి ఇంటికి తెచ్చుకోకండి కూడా. బాయిసీ కొండల ఇసుక వాలుల్లో మల్ఫర్డ్స్ అనే అరుదైన మిల్క్‌వెచ్ ఉంది, తెలియక దాన్నే పీకితే పాపం. జూన్‌లో వెళ్లినప్పుడు కాయ, ఆకు వెనక వైపు, పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూద్దాం.