పైథాన్‌లో రాసిన టేబుల్ ఎక్సెల్‌లో తెరిస్తే పాడవుతోంది, ఏం చేయాలి?

మీరు చెప్పిన సమస్యలు మూడు: సీఎస్వీలో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌లో) వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ వరుస రావడం, తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపించడం, డోర్ నంబర్లు తారీఖులైపోవడం.

మొదటి రెండూ చిటికెలో పోతాయి. ఫైల్ తెరిచే ఓపెన్ ఫంక్షన్‌లో న్యూలైన్‌కి ఖాళీ కోట్స్ (newline='') ఇవ్వండి. సీఎస్వీ మాడ్యూల్ వరుస చివరి గుర్తులు తానే పెట్టుకుంటుంది. విండోస్‌లో టెక్స్ట్ మోడ్ దానికి ఇంకోటి తగిలిస్తుంది, అందుకే ఆ ఖాళీ. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) అని ఇస్తే ఎక్సెల్‌లో తెలుగు చక్కగా వస్తుంది. ఆ ఫైల్‌ని మళ్లీ డిక్ట్‌రీడర్‌తో (ప్రతి వరుసనీ కాలమ్ పేర్లతో ఇచ్చేది) చదివేటప్పుడూ అదే ఎన్‌కోడింగ్ ఇవ్వాలి. లేకపోతే మొదటి కాలమ్ పేరు ముందు కంటికి కనపడని అక్షరం అంటుకుని, ఆ పేరు కాలమ్ లేదంటూ కీ ఎర్రర్ వచ్చి తల తింటుంది.

అసలు తలనొప్పి మూడోది. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు వైపు వాటర్ క్యాన్లు వేసే ఒక షాపుకి రోజువారీ డెలివరీ లిస్టు తీసే స్క్రిప్ట్ రాసిచ్చాను. మన వైజాగ్ డోర్ నంబర్లు తెలుసుగా, 9-5-12 లాంటివి. మన ఇండియా సెట్టింగ్స్‌లో ఎక్సెల్ దృష్టిలో అది 2012 మే 9. షాపులో లెక్కలు చూసే ఆయన ఫైల్ తెరిచి, ఏదో ఫోన్ నంబర్ దిద్ది సేవ్ కొట్టేవారు. దాంతో అసలు డోర్ నంబర్ ఫైల్‌లోంచే పోయేది. డెలివరీ కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, ఈ ఇంటి నంబరేటి, తారీఖులాగుంది?" అనేవాడు.

ఎక్సెల్‌లో తెరవక ముందే నోట్‌ప్యాడ్‌లో చూడండి, పైథాన్ రాసింది సరిగ్గానే ఉంటుంది. ఇది అంకె, ఇది పదం అని చెప్పుకునే చోటు సీఎస్వీలో లేదు. కోట్స్ పెట్టినా ఎక్సెల్ వినదు. నంబర్‌కి ముందు అపాస్ట్రఫీ (') పెట్టమంటారు కొందరు, వద్దు, అది డేటాలో చెత్తగా మిగిలిపోతుంది. మనుషులు తెరిచే ఫైలైతే ఓపెన్‌పైఎక్సెల్ (ఎక్సెల్ ఫైళ్లు రాసే పైథాన్ లైబ్రరీ) ఇన్‌స్టాల్ చేసుకుని, టేబుళ్లతో పనిచేసే పాండాస్ లైబ్రరీలోని టు_ఎక్సెల్‌తో, వరుస నంబర్ల కాలమ్ రాకుండా ఇండెక్స్ ఫాల్స్ పెట్టి, ఎక్సెల్ సొంత ఫైల్ రకమైన ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌గా ఇచ్చేయండి. పదంగా రాసింది పదంగానే ఉంటుంది. ఇంకో ప్రోగ్రామ్ చదివే ఫైలైతే సీఎస్వీ చాలు, కాకపోతే అడ్రస్‌లలో కామాలుంటాయి కాబట్టి మీరే జాయిన్‌తో అతికించకుండా సీఎస్వీ మాడ్యూల్‌లోని రైటర్‌కే వదిలేయండి.

పాండాస్‌తో చదివేటప్పుడు డీటైప్ ఎస్టీఆర్ (dtype=str, అన్నీ పదాలుగానే చదవమని) అని ఇవ్వడం కూడా అలవాటు చేసుకోండి. లేకపోతే పిన్‌కోడ్ ఒక్క వరుసలో ఖాళీ ఉన్నా కాలమ్ మొత్తం దశాంశాలై, 530017.0 అని రాసిపెడుతుంది.

రోజూ అదే పేరుతో రాసే ఫైలైతే ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక ఓఎస్ రీప్లేస్‌తో (os.replace) దాన్ని అసలు పేరుకి మార్చండి. మధ్యలో స్క్రిప్ట్ ఆగినా పాత ఫైల్ భద్రంగా ఉంటుంది. ఆ సమయానికి ఎవరైనా దాన్ని ఎక్సెల్‌లో తెరిచి ఉంచితే మాత్రం విండోస్‌లో పర్మిషన్ ఎర్రర్ వస్తుంది. క్లోజ్ చేయమని చెప్పి మళ్లీ రన్ చేయడమే.