బతుకమ్మ లైట్ల సర్క్యూట్‌కు ఏ రెసిస్టర్, ఏ కెపాసిటర్ వాడాలి?

తమ్ముడూ, మూడు పెన్సిల్ సెల్లు, ప్రోగ్రామ్ రాసుకునే చిన్న చిప్ ఏటీటైనీ85 ఒకటి, అయిదు ఎర్ర ఎల్‌ఈడీలతో బతుకమ్మకు లైట్లు చేస్తున్నానని రాశావు. ఒక్కో ఎల్‌ఈడీకి 220 ఓమ్‌ల రెసిస్టర్ వేశావు, కెపాసిటర్ పెట్టలేదు. అయిదూ కలిసి వెలగగానే ప్రోగ్రామ్ మళ్లీ మొదటికొస్తోందన్నావు. చిప్ పోయిందేమోనని టెన్షన్ పడకు. హనుమకొండలో మా వాడ బతుకమ్మలకు ఇలాంటి లైట్లు నేనే చేసిస్తుంటాను, ఇది తరచూ కనిపించేదే.

ముందు రెసిస్టర్ సంగతి. కొత్త ఆల్కలైన్ సెల్లు మూడు కలిస్తే 4.8 వోల్టుల దాకా ఇస్తాయి. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 2.8ని 220తో భాగిస్తే దాదాపు 12.7 మిల్లీఆంపులు. అయిదింటికీ కలిపి 64 దాకా పోతుంది. ఈ చిప్ పిన్‌లన్నీ కలిసి బయటికివ్వగలిగింది 60 మిల్లీఆంపులేనని డేటాషీట్, అంటే తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, చెబుతుంది. అంటే కొత్త సెల్లు వేసిన రోజే హద్దు దాటుతున్నావు. సెల్లు పాతబడ్డాక ఇంకో ఇబ్బంది: అంత కరెంటు ఒక్కసారిగా లాగితే వోల్టేజీ కుంగి చిప్ రీసెట్ అవుతుంది, అంటే ప్రోగ్రామ్ మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే 470 ఓమ్‌లు వేయి. పసుపు, ఊదా, గోధుమ రంగు గీతలుంటాయి, పావు వాట్‌ది చాలు. కొత్త సెల్లతో దాదాపు 6 మిల్లీఆంపులు వస్తాయి. సెల్లు ఒక్కోటి 1.1 వోల్టులకు దిగినా 2.8 మిల్లీఆంపులు ఉంటాయి. చీకట్లో పూల మధ్య ఆ వెలుగు బాగానే కనిపిస్తుంది. 20 మిల్లీఆంపులు ఇవ్వాలని చాలామంది అంటారు కానీ బ్యాటరీ మీద నడిచేదానికి అది దండగ. రెసిస్టర్‌ను ఎప్పుడూ అరిగిన సెల్ వోల్టేజీతో కూడా లెక్క కట్టి చూసుకోవాలి. తెల్ల, నీలం ఎల్‌ఈడీలకు దాదాపు 3 వోల్టులు కావాలి కాబట్టి, సెల్లు దిగేకొద్దీ అవి వెలవెలబోతాయి. బతుకమ్మకు ఎరుపు, పసుపే నా ఓటు. అయిదింటికీ కలిపి ఒకే రెసిస్టర్ మాత్రం పెట్టకు, ఎన్ని వెలుగుతున్నాయన్నదాన్ని బట్టి వెలుగు మారిపోతుంది.

ఇక వోల్టేజీ అలా ఒక్కసారిగా కుంగకుండా కాసుకోవడానికి కెపాసిటర్లు రెండు కావాలి. 104 అని రాసున్న చిన్న సెరామిక్‌ది, అంటే 0.1 మైక్రోఫారడ్, చిప్ 8వ పిన్‌కీ 4వ పిన్‌కీ మధ్య, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి పెట్టు. దూరంగా పెడితే దానివల్ల పెద్దగా ఫలితం ఉండదు. రెండోది 100 మైక్రోఫారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్, బ్యాటరీ వైర్లు బోర్డుకు కలిసే చోట. గీత ఉన్న కాలు మైనస్‌కు పోవాలి. 1000 మైక్రోఫారడ్ అక్కర్లేదు. ఎలక్ట్రోలైటిక్‌లో లీకేజీ కూడా ఉంటుంది, అంటే ఊరికే ఉన్నా దానిగుండా కొద్దిగా కరెంటు పోతుంటుంది. స్విచ్ లేకుండా చిప్‌ను స్లీప్‌లో, అంటే పని ఆపిన స్థితిలో, ఉంచి వదిలేస్తే, చిప్ తాగే కరెంటు కంటే ఆ లీకేజీయే ఎక్కువ కావచ్చు. కాబట్టి స్విచ్ పెట్టు. రీసెట్ పిన్‌ను 10 కిలోఓమ్‌లతో ప్లస్‌కు కలిపితే అక్కర్లేని రీసెట్లు తగ్గుతాయి.

బతుకమ్మను ఇత్తడి తాంబాళంలో పేరుస్తారా, సిబ్బిలోనా? తాంబాళమైతే బోర్డు కింది టంకాలు దానికి తగిలి షార్ట్ అవుతాయి, తంగేడు, గునుగు తడి కూడా ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బోర్డు పెట్టి వైర్లు మాత్రమే పైకి తీయి. నీళ్లలో వదిలే ముందు డబ్బా, వైర్లు అన్నీ తీసేయాలని అమ్మకు, అక్కకు ముందే చెప్పు. చెరువులో సెల్లు పడకూడదు.

ఇవన్నీ చేశాక కూడా రీసెట్ అయితే, అయిదూ వెలుగుతుండగా 8, 4 పిన్‌ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడు. నీది ఏటీటైనీ85-20 రకం అయితే వోల్టేజీ 2.7 కంటే తగ్గకూడదు. తగ్గుతుంటే సెల్లు మార్చు, బాక్స్ స్ప్రింగులకు తుప్పుంటే గీకి శుభ్రం చేయి.