వెల్క్రో వేసినా పెడల్ ఊడిపోతుంటే

గిటార్ ఎఫెక్ట్ పెడల్స్‌ని (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెల్ని) వెల్క్రోతో పెడల్‌బోర్డుకి అతికించినా ఊడిపోతుంటే, తప్పు వెల్క్రోది కాకపోవచ్చు. పెడల్ లాగినప్పుడు స్ట్రిప్ బోర్డు మీదే ఉండి, పెడల్ అడుగు నుంచి జిగురు ఊడి వస్తోందంటే, అడుగున జిడ్డో, రబ్బరు పాదాలో అడ్డొస్తున్నట్టే.

1. రబ్బరు పాదాలు తీసి దాచుకోండి. అమ్మేటప్పుడు పనికొస్తాయి.
2. పాత జిగురు గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. సీరియల్ నంబర్ స్టిక్కర్ మీద అతికించొద్దు, స్టిక్కరే ఊడొస్తుంది.
3. గరుకు వైపు పెడల్‌కి, మెత్తటి వైపు బోర్డుకి. గట్టిగా నొక్కండి.
4. చాలామంది వదిలేసేది ఇదే: వెంటనే బోర్డుకి తగిలించకండి. స్ట్రిప్ అతికించిన పెడల్‌ని ఒక రోజు అలాగే పక్కన పెట్టండి. ఈ రకం జిగురు పూర్తిగా పట్టడానికి దాదాపు 24 గంటలు కావాలి. అది పట్టకముందే పెడల్ పీకితే మళ్లీ మొదటికే వస్తుంది.

వా పెడల్ లాంటి బరువైనవాటికి, కాలితో ఊపేవాటికి నేనైతే వెల్క్రోని నమ్మను. బోర్డు చెక్కదైతే పాత సైకిల్ చైన్ లింకులు వాడండి. పెడల్ అడుగు ప్లేటు స్క్రూ విప్పి, ఆ స్క్రూని లింకు ఒక రంధ్రంలోంచి దూర్చి మళ్లీ బిగించాలి. రెండో రంధ్రంలోంచి బోర్డులోకి చెక్కకి వాడే స్క్రూ. ఎదురెదురు మూలల్లో రెండు లింకులు చాలు. స్క్రూ పొట్టిదైతే అదే మరతో కొంచెం పొడవుది తీసుకోండి. మరీ పొడవైతే లోపలి సర్క్యూట్ బోర్డుకి తగులుతుంది, జాగ్రత్త.

బోర్డు పట్టీల మధ్య ఖాళీలున్న రకమైతే జిప్ టైలు చాలు.