గ్రాఫీన్ జంక్షన్‌లో సూపర్‌కరెంట్ ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు అడిగింది ఇది: మామూలు గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర) సూపర్ కండక్టర్ కాదు కదా, మరి దాని గుండా రెసిస్టెన్స్ లేకుండా కరెంటు, అంటే సూపర్‌కరెంట్, ఎలా పోతుంది? గ్రాఫీన్‌లో ఛార్జ్‌ని పెంచి తగ్గించే గేట్ అనే ఎలక్ట్రోడ్ వోల్టేజ్ మార్చి, సగటు ఛార్జ్ సున్నా అయ్యే డిరాక్ పాయింట్‌కి తెస్తే, మోసే ఎలక్ట్రాన్లే లేనప్పుడు ఆ కరెంటు ఆగిపోవాలి కదా? పీహెచ్‌డీలో మూడేళ్లు ఈ డివైజ్‌లే చేసి కొలిచాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఆ గుణం గ్రాఫీన్ సొంతం కాదు, అరువు తెచ్చుకున్నది. గ్రాఫీన్ పొర మీద దగ్గరదగ్గరగా రెండు అల్యూమినియం కాంటాక్టులు వేసి బాగా చల్లబరిస్తే, 1.2 కెల్విన్ కింద అల్యూమినియం సూపర్ కండక్టర్ అవుతుంది. ఈ అమరికనే జంక్షన్ అంటున్నాను. తక్కువ శక్తితో గ్రాఫీన్‌లోంచి వచ్చిన ఎలక్ట్రాన్‌కి ఒంటరిగా అందులోకి ప్రవేశం లేదు, అక్కడ జంటలకే చోటు. అందుకని ఇంకో ఎలక్ట్రాన్‌ని తోడు తీసుకుని జంటగా లోపలికి పోతుంది. ఆ తోడు వదిలిన ఖాళీ, అంటే హోల్, వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. దీన్నే ఆంద్రీవ్ రిఫ్లెక్షన్ అంటారు. ఆ హోల్ అవతలి కాంటాక్టును చేరగానే అక్కడి జంట ఒకటి విడిపోతుంది: ఒక ఎలక్ట్రాన్ హోల్‌ని పూడ్చేస్తే, రెండోది మళ్లీ ఇటు బయల్దేరుతుంది. ఇలా ఒక్కో చుట్టుకి ఒక్కో జంట ఒక వైపు నుంచి ఇంకో వైపుకి చేరుతుంది. దీనికి వోల్టేజ్ అక్కర్లేదు, రెండు సూపర్ కండక్టర్ల మధ్య ఫేజ్ తేడా ఉంటే చాలు (సూపర్ కండక్టర్‌లో జంటలన్నీ కలిసి ఒకే అలలా ఉంటాయి, ఆ అల ఏ దశలో ఉందన్నదే ఫేజ్).

ఇక డిరాక్ పాయింట్ సంగతి. 2007లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం దీన్నే కొలిచి చూపించింది. గేట్‌ను ఒక వైపు తిప్పితే ఎలక్ట్రాన్లు, రెండో వైపు తిప్పితే హోల్స్ సూపర్‌కరెంట్‌ని మోశాయి. డిరాక్ పాయింట్ దగ్గర అది బాగా తగ్గింది కానీ సున్నా కాలేదు. సగటున ఛార్జ్ సున్నా అంటే ఎక్కడా ఏమీ లేదని కాదు. సిలికాన్ ఆక్సైడ్ మీద పరిచిన గ్రాఫీన్‌లో అక్కడక్కడ ఎలక్ట్రాన్ల మడుగులు, హోల్స్ మడుగులు మిగిలే ఉంటాయి. ఏ లోపమూ లేని గ్రాఫీన్‌లో కూడా కాంటాక్టుల మధ్య దూరం తక్కువైతే కొంత కరెంటు దాటుతుందని 2006లోనే తితోవ్, బేనకర్ అనే భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

నా అనుభవంలో అసలు కష్టం సిద్ధాంతంలో లేదు, కొలతలో ఉంది. మొదటి రెండు నెలలు నాకు సూపర్‌కరెంటే కనబడలేదు. కరెంటు పెంచుతూ వోల్టేజ్ గ్రాఫ్ గీస్తే సున్నా వోల్టేజ్ దగ్గర గీత బల్లపరుపుగా ఉండాలి, నాకేమో కొద్దిగా వాలుగా వచ్చేది. కాంటాక్టులు బాలేవనుకుని మూడు శాంపిల్స్ మళ్లీ చేశాను. చివరికి చూస్తే, కొలిచే వైర్లలో ఒకదానికి, డివైజ్‌ని చల్లబరిచే ఫ్రిజ్ లోపల నాయిస్‌ని ఆపే ఫిల్టర్ పని చేయడం లేదు. 20 నానోఆంపియర్ల జంక్షన్‌లో ఫేజ్‌ని పట్టి ఉంచే శక్తి అర కెల్విన్ పాటిదే. 300 కెల్విన్ గదిలోంచి వైరు వెంట దిగే నాయిస్‌కి అదెంత? ఫిల్టర్ మార్చిన రోజు రాత్రి స్క్రీన్ మీద చుక్కలు సున్నా మీదే వరసగా పడుతూ వచ్చి, 38 నానోఆంపియర్ల దగ్గర ఒక్కసారి పైకి ఎగిరాయి. ఆ గ్రాఫ్ ప్రింట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. కరెంటు తగ్గిస్తూ వస్తే మాత్రం 25 దాకా వోల్టేజ్ సున్నాకి దిగలేదు. ఒకసారి వోల్టేజ్ పుట్టాక గ్రాఫీన్‌లోని ఎలక్ట్రాన్లు వేడెక్కుతాయి, అంత చలిలో ఆ వేడి బయటపడే దారులు తక్కువ.

హోల్స్ వైపు కరెంటు ఎప్పుడూ తక్కువ రావడం చూసి నేను చాలా కంగారుపడ్డాను. అది తప్పు కాదు. టైటానియం, అల్యూమినియం కాంటాక్టు తన పక్కనున్న గ్రాఫీన్‌కి ఎలక్ట్రాన్లు ఇస్తుంది. మధ్యలో హోల్స్ ఉంటే రెండు అంచుల్లోనూ పీ-ఎన్ జంక్షన్, అంటే హోల్స్ ప్రాంతం ఎలక్ట్రాన్ల ప్రాంతాన్ని కలిసే సరిహద్దు, అడ్డు తగులుతుంది. అందుకే నా దృష్టిలో ఈ డివైజ్‌లో గ్రాఫీన్ కన్నా అంచే ముఖ్యం. 2015లో డెల్ఫ్ట్‌లోనే గ్రాఫీన్‌ని బోరాన్ నైట్రైడ్ పొరల మధ్య పెట్టి, అంచు నుంచి మాలిబ్డినం-రీనియం కాంటాక్ట్ ఇచ్చినప్పుడు సూపర్‌కరెంట్ 1.5 మైక్రోమీటర్ల దూరం దాటింది.

మీరు కొలిచేటప్పుడు సూపర్‌కరెంట్ కనబడగానే సంబరపడకుండా గేట్ తిప్పి చూడండి. రెండు కాంటాక్టులు అల్యూమినియం అంటుకుని షార్ట్ అయి ఉంటే గేట్‌కి అది కదలదు. ఆ తర్వాత చిన్న అయస్కాంత క్షేత్రం పెట్టండి. 3 మైక్రోమీటర్ల వెడల్పు, 0.3 పొడవు ఉన్న జంక్షన్‌లో లెక్క ప్రకారం దాదాపు 2.3 మిల్లీటెస్లాకి ఒకసారి కరెంటు సున్నాకి పడి మళ్లీ లేవాలి. నాకు అంతకన్నా తక్కువ క్షేత్రంలోనే పడింది, ఎందుకంటే అల్యూమినియం తోసేసిన క్షేత్రం కూడా ఆ సందులోకే వచ్చి చేరుతుంది.