బోల్టులు అవే, ఒక గ్యాలరీలోనే రూఫ్ ఎందుకు రాలుతోంది?

ప్రశ్న: సార్, మైనింగ్ డిప్లొమా చేస్తున్నా. ట్రైనింగ్‌కి వెళ్లిన బొగ్గు గనిలో ఒక గ్యాలరీ (బొగ్గులో తవ్విన దారి) రూఫ్ చెక్కుచెదరలేదు. దానికి అడ్డంగా తీసినదాంట్లో మాత్రం మూల వెంబడి పెళ్లలు రాలుతూనే ఉన్నాయి. లోతు అదే, రూఫ్ రాతిలోకి దిగేసే ఇనుప బోల్టులూ అవే. ఎందుకలా? మాకు నీళ్లు తేవాల్సిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలిందీ ఇందుకేనా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, మనవాళ్లు పైబరువు ఒక్కటే లెక్కేస్తారు. రాయి ఘనపు మీటరుకు సుమారు రెండున్నర టన్నులు, అంటే 300 మీటర్ల లోతులో చదరపు మీటరు మీద 750 టన్నులు. గ్యాలరీ తీయగానే ఆ బరువు పిల్లర్ల మీదికి, అంటే గ్యాలరీల మధ్య తవ్వకుండా వదిలిన బొగ్గు దిమ్మెల మీదికి మళ్లుతుంది. అందుకే 4.8 మీటర్ల వెడల్పు గ్యాలరీలకు 60 మీటర్ల లోతు దాకా పిల్లర్ల మధ్య దూరం, సెంటర్ నుంచి సెంటర్‌కు, 19.5 మీటర్లు చాలంటాయి రూల్స్. 360 దాటితే 48 ఉండాలి.

కానీ రూఫ్‌ను చెడగొట్టేది చాలాసార్లు పక్క ఒత్తిడి. భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతూనే ఉంది కదా, ఆ ఒత్తిడి ఇక్కడి రాతిలోనూ ఉంటుంది, కొన్నిచోట్ల పైబరువును మించుతుంది, పైగా అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. ఎక్కువ ఒత్తిడి ఉన్న దిక్కులోనే గ్యాలరీ సాగితే రూఫ్‌కు తగిలేది తక్కువ ఒత్తిడే. అడ్డంగా తీస్తే మాత్రం బొగ్గు పైనుండే షేల్ (బంకమన్ను గట్టిపడ్డ రాయి), ఇసుకరాయి పలుచటి పొరలు, పేకముక్కల దస్తాను రెండు చివరలా నొక్కినట్టు, వంగి విడిపోతాయి, ముందుగా రూఫూ సైడూ కలిసే మూలలో చిట్లుతాయి. నువ్వు చూసింది బహుశా అదే.

బోల్టు పని ఆ పొరలన్నిటినీ పట్టి ఒకే మందపాటి దూలంగా నిలబెట్టడం, కాబట్టి తవ్విన వెంటనే పడాలి, పొరలు విడిపోయాక ఎన్ని వేసి ఏం లాభం? గ్యాలరీలు కలిసే జంక్షన్లలో మరీ జాగ్రత్త, అక్కడ మూల నుంచి మూలకు దాదాపు 6.8 మీటర్ల రూఫ్ కింద పిల్లర్ ఉండదు. రూఫ్‌ను గడ్డపారతో తట్టినప్పుడు ఖంగుమనకుండా డొల్లగా మోగితే, ఎవరేమన్నా సరే, దాని కింద నిలబడకు.

ఎస్‌ఎల్‌బీసీ సంగతి వేరు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు నుంచి సుమారు 14 కిలోమీటర్లు లోపలికి వెళ్లిన చోట రూఫ్ కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు, నీళ్లూ బురదా కలిసి దిగాయి. నలిగిన రాతిలోకి నీళ్ల ఒత్తిడి చేరితే రాతికి పట్టే పోతుంది. బొగ్గు గని లెక్క దానికి పెట్టొద్దు.

ఈసారి దిగినప్పుడు పెళ్లలు రాలిన చోట్లన్నీ గని ప్లాన్ మీద గుర్తు పెట్టు. అన్నీ ఒకే దిక్కు గ్యాలరీల్లో పడితే మేనేజర్‌కు చూపించు, కొత్త ప్యానెల్ (తర్వాత తవ్వబోయే భాగం) గీసేముందే.