ఎంటిక కుదురా, రోమపుటికా?

సందేహం: మాది మిర్యాలగూడ. డిగ్రీ విద్యార్థులకు తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చెబుతాను. చర్మంలోనూ వెంట్రుకల మొదళ్లలోనూ కొత్త కణాలను పుట్టించే స్టెమ్ సెల్స్ ఉంటాయి. వాటి మీద ఎపిజెనెటిక్ నియంత్రణ, అంటే జన్యువు మారకుండానే అది పని చేయాలా వద్దా అన్నది తేలడం, ఎలా ఉంటుందో పాఠం చెప్పి, సొంత మాటల్లో రాయమన్నాను. ఒకమ్మాయి "ఎంటిక కుదుర్లల్ల ఉండే కాండకణాలు" అని రాసింది. ఒకబ్బాయి "రోమపుటికలలోని మూలకణముల బాహ్యజన్యు నియంత్రణ" అన్నాడు. ఎవరిది ఒప్పు? ఎపిజెనెటిక్స్‌కు తగిన తెలుగు మాట ఏది?

సమాధానం: అమ్మా, ముందు ఆ అమ్మాయి రాసిన "కుదురు" దగ్గర ఆగుదాం. నాకు ఆ మాట చదవగానే మీ పాఠం సగం కళ్లకు కట్టింది.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కుదురు ఎన్ని చోట్ల వినిపిస్తుందో మీకు తెలియనిది కాదు. బత్తాయి చెట్టు మొదట్లో నీళ్లు నిలవడానికి గుండ్రంగా చేసే పాదు కుదురు. నాట్లప్పుడు ఒక్కచోట గుచ్చిన నాలుగు నారు మొక్కలు కలిసి ఒక కుదురు. నెల తిరిగాక రైతు అడిగేది "కుదురుకు ఎన్ని పిలకలు పెట్టింది?" అనే. నెత్తి మీది కుండ ఒరగకుండా పెట్టుకునేది చుట్టకుదురు. వీటన్నిటా ఉన్నది ఒకటే భావం: దేన్నయినా నిలబెట్టే చోటు. పెళ్లి కుదిరినా, పిల్లాడు కుదురుగా కూర్చున్నా ఆ భావమే. నోరు-నోట, ఏరు-ఏట అయినట్టే కుదురు-కుదుట. జ్వరం తగ్గి మనిషి కుదుటపడ్డాడంటే మళ్లీ తన చోట తాను నిలిచాడని.

ఇక చర్మం సంగతి. తల మీది ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో దాని అడుగుభాగం ముడుచుకుపోతుంది. ఆపైన సుమారు మూడు నెలలు విశ్రాంతి. పాత వెంట్రుక రాలుతుంది, అక్కడే కొత్తది మొలుస్తుంది. ముడుచుకుపోయేది కింది భాగమే. పైభాగం నిలిచే ఉంటుంది, అందులో చిన్న ఉబ్బు ఉంటుంది. స్టెమ్ సెల్స్ నెలవు అదే అని 1990లో తేలింది. చలికో భయానికో రోమాలు నిక్కపొడుచుకుంటాయి చూడండి, వాటిని లేపే సన్నని కండరం ఒక కొస అతుక్కుని ఉండేది కూడా ఆ ఉబ్బు దగ్గరే. జొన్న కోసిన చేలో తడి ఉంటే మోడు పక్కన పిలక లేవడం పాలమూరు పిల్లలు చూస్తూనే ఉంటారు. కోసింది పోయినా కుదురు ఉంది. ఆ అమ్మాయి రాసిన మాటలో ఈ చూపు ఉంది. ఎవరో నేర్పితే వచ్చింది కాదు, ఇంటి నుంచి తెచ్చుకుంది.

రోమపుటిక తప్పని నేను అనను. పుటిక అంటే చిన్న దొన్నె, చిన్న సంచి. దీని ఇంగ్లిషు పేరు ఫాలికిల్‌కు మూలమైన లాటిన్ మాటకూ చిన్న సంచి అనే అర్థం. అనువాదం నిక్కచ్చిగా ఉంది, అండాశయంలో అండం పెరిగే సంచిని గ్రాఫియన్ పుటిక అని పిల్లలు ముందే చదివి ఉంటారు కూడా. కాని సంచి ఆకారం చెబుతుంది, కుదురు చేసే పని చెబుతుంది. ఈ పాఠానికి కావలసింది పని. రోమకూపం అనే మాట మాత్రం ఇక్కడ వద్దు. చెమట వచ్చే సన్న రంధ్రానికీ జనం అదే వాడుతున్నారు, పాఠంలో రెండూ కలిసిపోతాయి. పైగా రోమం ఒంటి మీదిది, కేశం తల మీదిది. వెంట్రుక అంటే రెంటికీ సరిపోతుంది.

ఎంటిక మాటకొస్తే, వెండి ఎండి అయినట్టు, వెన్నెల ఎన్నెల అయినట్టు వెంట్రుక ఎంటిక అయింది. మొదటి వకారం జారడం మన పలుకులో ఒక పద్ధతి. పద్ధతి ప్రకారం మారినదాన్ని తప్పు అనడానికి వ్యాకరణం ఒప్పదు. కుదుర్లు, కుదుళ్లు కూడా అంతే: ఊర్లు-ఊళ్లు, గోర్లు-గోళ్లు లాంటివి. నా చిన్నప్పుడు బడిలో ఇలాంటి మాటల కింద ఎర్ర సిరా గీతలు పడేవి. ఆ గీత పడ్డ పిల్లవాడు మరుసటిసారి తన మాట రాయడు, పుస్తకంలోది అర్థం కాకుండా ఎక్కిస్తాడు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

కాండకణం దగ్గర మాత్రం ఆ అమ్మాయి పొరబడింది. పొరపాటు ఆమెది కాదు, ఎక్కడో చదివి ఉంటుంది. స్టెమ్ అనగానే మొక్క కాండం గుర్తొచ్చి ఎవరో చేసిన అనువాదం అది. స్టెమ్ సెల్ అనే మాట మూలం 1868లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ రాతల్లో కనిపిస్తుంది. జీవులన్నిటికీ పూర్వమైన ఏకకణ జీవికి ఆయన "ష్టామ్‌ట్సెల్లె" అని పేరు పెట్టాడు. ష్టామ్ అంటే చెట్టు బోదె, వంశం కూడా. ఆయన గీసింది వంశవృక్షం కనుక ఆ మాటలో వంశపు తొలి కణం అన్న ఊహ ఉంది. తాను తరగకుండా తనలాంటి కణాన్ని నిలుపుకుంటూ, వేరే పని చేసే కణాలనూ పుట్టించేదే ఈ కణం. మూలపురుషుడు అన్నట్టు మూలకణం అంటే ఈ రెండూ వస్తాయి. ఇక్కడ అబ్బాయిదే ఒప్పు.

ఇక మీరు గట్టిగా అడిగిన మాట. ఎపిజెనెటిక్స్ అనే పేరు 1942లో బ్రిటన్ శాస్త్రవేత్త వాడింగ్టన్ పెట్టాడు. "ఎపి" గ్రీకు ఉపసర్గ, మీద అని అర్థం. దాన్ని బాహ్య అనడంతో అబ్బాయి వాక్యం చెడింది. బాహ్యజన్యువు అంటే బయటి నుంచి తెచ్చి చొప్పించిన జన్యువు అనుకుంటారు. ఇక్కడ బయటిది ఏదీ లేదు. చర్మకణంలోనూ కాలేయకణంలోనూ జన్యువులు ఒకటే. రెండు మీటర్ల పొడవున్న డీఎన్‌ఏ హిస్టోన్ అనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని కేంద్రకంలో ఇమిడి ఉంటుంది. ఆ దారం మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పడతాయి, హిస్టోన్ల మీద వేరే గుర్తులు పడతాయి. వాటిని బట్టి ఎక్కడ చుట్ట బిగుస్తుందో అక్కడి జన్యువు పలకదు, ఎక్కడ వదులవుతుందో అక్కడిది పని మొదలుపెడుతుంది.

నేనైతే "అధిజన్యు" అంటాను. అధి అంటే మీద అనీ వస్తుంది, అధిపతి, అధికారి మాటల్లోలా పెత్తనం అనీ వస్తుంది. జన్యువు మీద ఉండి దాన్ని నడిపేది అన్న రెండర్థాలూ ఒక్క ఉపసర్గలో ఇమిడాయి. రాసేటప్పుడు ఒత్తు మరిస్తే "అది" అవుతుంది, "అతి" అనీ పొరబడతారు, ఆ ఒక్కటీ పిల్లలకు చెప్పండి. మొదటిసారి ఎపిజెనెటిక్ అని రాసి, తర్వాత అధిజన్యు అనడం మేలు.

పలకని జన్యువును "నిశ్శబ్దీకరించబడిన జన్యువు" అని రాస్తుంటారు. నోరు తిరగదు, బొమ్మా కట్టదు. మన దిక్కు దీనికి చక్కని మాట ఉంది: పడావు. పడావు పడ్డ చెలక ఎక్కడికీ పోలేదు, పట్టా మన పేరు మీదే ఉంది, ఈ ఏడు విత్తనం పడలేదు, అంతే. అదును వస్తే మళ్లీ దున్నవచ్చు. మిథైల్ గుర్తు పడ్డ జన్యువు స్థితి అచ్చం ఇదే. చర్మంలో దీనికి పెద్ద పని ఉంది. మిథైల్ గుర్తులను కణం నుంచి పిల్లకణానికి అందించే ఎంజైమ్ డీఎన్‌ఎంటీ1. మనిషి చర్మపు మూలకణాల్లో దాన్ని తగ్గిస్తే, పడావు ఉండాల్సిన జన్యువులు తొందరపడి పనిలోకి దిగాయని 2010లో చూపారు. కణాలు ముందే ముదిరిపోయి పైపొరలో చేరాయి, కొత్తవి పుట్టించడానికి వెనక మిగలలేదు. విత్తనపు గింజలు కూడా వండుకు తిన్న ఇల్లు ఎలా ఉంటుందో అలా అయింది.

ఇంకొక మాట కూడా తీసుకోండి: యాది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఎలైన్ ఫుక్స్ బృందం 2017లో ఎలుకల మీద చూసింది. ఒకసారి వాచి తగ్గిన చర్మానికి చాలా రోజుల తర్వాత గాయం చేస్తే, ఎన్నడూ వాయని చర్మం కంటే త్వరగా మానింది. మొదటి వాపులో వదులైన డీఎన్‌ఏ చోట్లు కొన్ని వాపు తగ్గినా వదులుగానే ఉండిపోయాయి, రెండోసారి ఆ జన్యువులు వెంటనే పలికాయి. దీన్ని "శోథజ్ఞాపకం" అంటే తప్పు లేదు. "వాపు యాది" అంటే మీ తరగతిలో చివరి బెంచీ కూడా తలెత్తుతుంది.

నియంత్రణ ఉంచండి, అది స్థిరపడ్డ మాట. కాకపోతే జనం దాన్ని ఆపడం అనే అర్థంలోనే వింటున్నారు. ఈ పాఠంలో ఆపడమూ లేపడమూ రెండూ ఉన్నాయని ఒకసారి విప్పి చెప్పండి.

కాబట్టి వాక్యం ఇలా కుదురుతుంది: "వెంట్రుక కుదుళ్లలోని మూలకణాల అధిజన్యు నియంత్రణ." కేశకుదుళ్లు అని మాత్రం అతకకండి, సంస్కృతపు మాటను తెలుగు మాటతో అలా కలిపితే వైరిసమాసం. మార్కుల విషయానికి వస్తే, అమ్మాయికి కాండకణం దగ్గర అర మార్కు, అబ్బాయికి బాహ్యజన్యు దగ్గర అర మార్కు తగ్గించండి. ఎంటిక కుదుర్ల కింద మాత్రం గీత గీయకండి, ఇప్పటికే గీసి ఉంటే ఆమెను పిలిచి ఆ గీతను కొట్టేయండి.