ముందు ఆ నోటుబుక్కు సంగతి మాట్లాడండి

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. మూడు నెలలుగా పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. మొదట్లో వారానికి ఒకరోజు బడి మానేది, ఇప్పుడు మూడు రోజులు ఇంట్లోనే ఉంటోంది. స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ చేయించాం, ఏమీ లేదన్నారు. చిన్నపిల్లల డాక్టరుగారే, పిల్లల సైకియాట్రిస్టుకి ఒకసారి చూపించమని చీటీ రాసిచ్చారు. అది నెలరోజులుగా బీరువాలోనే ఉంది. మావారు 'అన్నీ వేషాలు, ఫోన్ లాగేసుకుంటే అదే దారికొస్తుంది' అంటారు. మా అత్తగారు 'పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పిల్లకి జీవితాంతం ఆ పేరు ఉండిపోతుంది' అంటారు. మందులు మొదలుపెడితే అలవాటైపోతాయని, పిల్ల మొద్దుబారిపోతుందని నాకూ భయమే. ఇదివరకు గలగలా మాట్లాడేది, ఇప్పుడు ఏం అడిగినా కస్సుమంటోంది. రాత్రి రెండింటిదాకా నిద్రపోదు. అన్నట్టు, పోయినవారం దాని గది సర్దుతుంటే లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో 'నేను లేకపోతే అందరికీ హాయి' అని రాసి ఉంది. నేను చదివినట్టు దానికి తెలియదు. ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఏం చేయమంటారు?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని 'అన్నట్టు' అంటూ చివర్లో పెట్టారు. తప్పు పట్టడం లేదు. బాగా భయపెట్టే మాటని ఎవరమైనా అలాగే చెబుతాం. నా దగ్గరికి వచ్చేవాళ్లూ అంతే. ముప్పావుగంట చదువు గురించి మాట్లాడి, లేచి చెప్పులు వేసుకుంటూ అసలు సంగతి చెబుతారు. కాబట్టి నేను ఆ నోటుబుక్కు దగ్గరే మొదలుపెడతాను. డాక్టరు, మందులు, అత్తగారు, అవన్నీ తర్వాత.

ఆ విషయం అమ్మాయితో ఈరోజే మాట్లాడండి. సెలవురోజు వచ్చేదాకా ఆగొద్దు. 'నేనే అడిగితే లేని ఆలోచన తలలో పెట్టినట్టవుతుందేమో' అని దాదాపు ప్రతి తల్లీ అంటుంది. ఆ భయం ఎంతవరకు నిజమో తేల్చడానికి న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,300 మందికి పైగా పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగినవాళ్లలో దిగులు గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. పైగా, అప్పటికే దిగులులో ఉన్న పిల్లలకి అడిగించుకోవడం వల్ల కాస్త ఊరట కలిగినట్టే కనిపించింది. ఇన్నాళ్ల నా అనుభవమూ అదే. 'హమ్మయ్య, ఒకళ్లయినా అడిగారు' అన్నట్టు భుజాలు దిగిపోతాయి పిల్లలకి.

ఎలా అడగాలి అంటారా? ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేసినట్టు మాత్రం వద్దు. ఈ వయసువాళ్లు కళ్లలో కళ్లు పెట్టి ఇలాంటివి చెప్పలేరు, పక్కపక్కన ఉంటే చెబుతారు. ఇద్దరూ కలిసి బట్టలు మడతపెడుతున్నప్పుడో, రాత్రి లైటు తీసేశాక దాని పక్కన కాసేపు నడుం వాల్చినప్పుడో అడగండి. ముందు మీ తప్పు మీరు ఒప్పుకోండి. 'గది సర్దుతుంటే నువ్వు నోటుబుక్కులో రాసుకున్నది చదివాను. అడక్కుండా చదవడం నాదే తప్పు. కానీ చదివాక నాకు నిద్ర పట్టడం లేదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?' ఇంతే. ఆ మాట నోట్లోంచి రావడం కష్టమని తెలుసు, అయినా ఆ మాటే వాడండి. 'పిచ్చిపిచ్చి ఆలోచనలేం లేవు కదా?' అని అడిగితే 'లేవు' అనే అంటుంది. ఆ ప్రశ్నలోనే మీరు జవాబు పెట్టేశారు మరి.

అడిగాక నోరు కట్టేసుకోండి. నిమిషం గడిచినా, రెండు నిమిషాలు గడిచినా మీరు మాట్లాడకండి. కోప్పడొచ్చు, ఏడవొచ్చు, 'ఊరికే రాశానులే' అనొచ్చు. అప్పుడు 'నీకేం తక్కువ చేశాం?' అన్న మాట మాత్రం రానివ్వకండి. ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది. నేనే ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక అబ్బాయి 'ఏమీ లేదు' అంటే నమ్మేసి, హమ్మయ్య అనుకుని పరీక్షల టెన్షన్ గురించి మాట్లాడి పంపించేశాను. వాడు మళ్లీ నోరు విప్పడానికి నాలుగు నెలలు పట్టింది. ఒకసారి 'లేదు' అన్నా, రెండు రోజులాగి మళ్లీ అడగొచ్చు. అడిగినందుకు ఏమీ అరిగిపోదు.

'అవును' అంటే, ఎప్పుడు, ఎలా అన్నదాకా ఆలోచించిందేమో కూడా నెమ్మదిగా కనుక్కోండి. అంతదూరం వెళ్లి ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, పిల్లని ఒంటరిగా వదలొద్దు, అదే రోజు దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. 'కాదు' అన్నా సరే, ఇంట్లో ఉన్న మందులూ ప్రమాదకరమైన వస్తువులూ ఈరోజే తాళంలో పెట్టి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. అత్తగారి బీపీ మాత్రలు కూడా. ఈ వయసులో చచ్చిపోవాలన్న ఆ తీవ్రత చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో చేతికేమీ అందకపోవడమే పెద్ద రక్షణ.

ఇక కడుపునొప్పి. అది వేషం కాదు. మనసుకి భయం పట్టినప్పుడు పేగుల కదలిక నిజంగానే మారుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది. స్కానింగ్‌లో కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. మీ ఇంట్లో పొద్దుటిపూట జరిగేది ఒకసారి గుర్తు చేసుకోండి. ఏడింటికి మెలికలు తిరుగుతుంది. ఎనిమిదింటికి మీరు 'సరే, ఇవాళ్టికి పడుకో' అంటారు. తొమ్మిదిన్నరకల్లా లేచి టీవీ ముందు కూర్చుంటుంది. అది చూసి మీవారు 'చూశావా, నటన' అంటారు. నిజానికి భయపెట్టేది ఆరోజుకి తప్పిపోయింది కాబట్టి నొప్పి తగ్గింది. కాకపోతే చిక్కంతా అక్కడే ఉంది. ఇంట్లో ఉంటే ఊరట దొరుకుతుందని ఒంటికి అలవాటయ్యేకొద్దీ మర్నాటి భయం ఇంకాస్త పెద్దదవుతుంది. వారానికి ఒకరోజు మూడు రోజులైంది అలాగే. అలాగని ఈడ్చుకెళ్లి బడిలో దింపినా లాభం లేదు. రెండు పీరియడ్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వెళ్లే పద్ధతి ఉంది. కానీ బడిలో దేనికి భయపడుతోందో తెలిశాకే అది. ఎవరైనా ఏడిపిస్తున్నారా, పాఠం ఎక్కడం లేదా, స్నేహితులు దూరం పెట్టారా? ఇవి క్లాసు టీచరుని ఒకసారి విడిగా కలిసి అడగండి.

కస్సుమనడం గురించి ఒక్క మాట. డిప్రెషన్ అంటే మూలన కూర్చుని ఏడవడం అనుకుంటాం. పెద్దవాళ్లలో అలా కనపడుతుందేమో గానీ ఈ వయసు పిల్లల్లో అది చాలాసార్లు చిరాకుగా బయటికొస్తుంది. వైద్యులు రోగం నిర్ణయించేటప్పుడు చూసుకునే ప్రమాణాల్లోనే, పిల్లల్లో దిగులు స్థానంలో చిరాకుని లెక్కలోకి తీసుకోవచ్చని ఉంది. మీ అమ్మాయికి అదే ఉందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి ఆ మాట చెప్పేవాళ్లని నమ్మొద్దు కూడా. ఆందోళన కావచ్చు, డిప్రెషన్ కావచ్చు, రెండూ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. తేల్చాల్సింది డాక్టరు. నేను సైకాలజిస్టుని, మాట్లాడే వైద్యం చేస్తాను, మందులు రాయను. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి ఆపైన మనోవైద్యం చదివిన డాక్టరు. పిల్లల సైకియాట్రిస్టు అందులోనూ పిల్లల మీదే పనిచేస్తారు. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఇలాంటి పిల్లలు వాళ్లకేమీ కొత్త కాదు.

మొదటిసారి వెళ్తే ఏం చేస్తారోనన్న బెంగ మీకున్నట్టుంది. మంచం మీద పడుకోబెట్టడాలూ, షాకులూ ఏమీ ఉండవు. కూర్చోబెట్టి మాట్లాడతారు, చాలాసేపు. పుట్టినప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా, ఎప్పుడు నడిచింది, మాటలు ఎప్పుడొచ్చాయి, నిద్ర, ఆకలి, నెలసరి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా అని మిమ్మల్ని అడుగుతారు. ఈ చివరి ప్రశ్నకి మొహమాటపడి 'ఎవరికీ లేదు' అని చెప్పకండి. మేనమామకో, తాతగారికో ఉంటే చెప్పాలి, మందు ఎంపికలో దానికి పని ఉంటుంది. తర్వాత మిమ్మల్ని బయట కూర్చోమని అమ్మాయితో విడిగా మాట్లాడతారు. ఆ అరగంటే మీకు కష్టంగా ఉంటుంది. లోపల అది చెప్పినవన్నీ డాక్టరు మీకు చెప్పరు, ప్రాణానికి ముప్పు ఉన్న సంగతి తప్ప. బయటికి రాగానే 'ఏమడిగారు, ఏం చెప్పావు?' అని పట్టుకోకండి. వెళ్లేలోపు ఒక కాగితం మీద రెండు వారాలవి రాసి పెట్టుకోండి: ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, ఏ రోజు నొప్పి వచ్చింది, సెలవురోజు వచ్చిందా లేదా. సెలవురోజు రాకపోతే అదే డాక్టరుకి పెద్ద ఆధారం. రెండు వారాలు రాయడం కోసం మాత్రం అపాయింట్‌మెంట్ వాయిదా వేయొద్దు, గుర్తున్నంతవరకు రాసుకుని వెళ్లండి.

మందుల గురించి మీ భయంలో కొంత నిజం ఉంది, కొంత లేదు. ముందు, వెళ్లిన ప్రతి పిల్లకీ మందు రాయరు. తేలిగ్గా ఉన్నప్పుడు మాట్లాడే వైద్యంతోనే మొదలుపెడతారు. కాస్త ముదిరినప్పుడు రెండూ కలిపితే మేలని తేలింది. అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ల మధ్య, డిప్రెషన్ ఉన్న 439 మందిపై చేసిన పరీక్షలో 12 వారాలకి ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర, మాటల వైద్యం రెండూ అందినవాళ్లలో 71 శాతం మంది బాగుపడ్డారు. మాత్ర ఒక్కటే అయితే 61, మాటలు ఒక్కటే అయితే 43, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రకి 35. 2004లో వచ్చాయి ఆ ఫలితాలు. అదే ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ రకం మందుల సమాచార పత్రంలో, చుట్టూ నల్లగీతల పెట్టె గీసి, అన్నిటికంటే గట్టి హెచ్చరిక వేయించింది. 24 పరీక్షల్ని కలిపి చూస్తే, మందు వాడిన పిల్లల్లో 4 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలో అలాంటి ప్రవర్తనో కనపడింది. ఆ పరీక్షల్లో ఏ పిల్లా ప్రాణం తీసుకోలేదు. ఈ లెక్క మీకు దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఎలాగూ ఎవరో ఒకరు సగం చెప్పి భయపెడతారు. దీని అర్థం మందు వద్దని కాదు. మొదటి కొన్ని వారాలు, మోతాదు మార్చినప్పుడల్లా, పిల్లని దగ్గరుండి గమనించాలని. కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నా, ఉన్నట్టుండి హుషారు హద్దు దాటినా, నిద్ర ఇంకా తగ్గినా అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి.

అలవాటు పడటమంటే ఇంకా ఇంకా కావాలనిపించడం. ఈ మందులకి ఆ గుణం లేదు. కానీ టక్కున ఆపేస్తే తలతిరగడం, చిరాకు వస్తాయి, అందుకని డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ ఆపాలి. గుణం కనపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పదిరోజులు వాడి 'ఏం లాభం లేదు' అని ఆపేసేవాళ్లే ఎక్కువ. మొద్దుబారినట్టు ఉంటే మోతాదు మార్చమని అడగండి, భరించమని ఎవరూ అనరు. ఇంకొకటి, మందు స్ట్రిప్ అమ్మాయి చేతికి ఇవ్వకండి. రోజుది రోజు మీరే ఇవ్వండి.

మీవారితో వాదన పెట్టుకోకండి. ఫోన్ విషయంలో ఆయన మాట సగం నిజమే. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తే ఎవరికైనా బుర్ర పాడవుతుంది. అయితే దానిదొక్కటే లాక్కుంటే శిక్ష అనుకుంటుంది. పది దాటాక ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి, ఆయనది కూడా. ఇక డాక్టరు సంగతికొస్తే, 'ఒక్కసారి వచ్చి కుర్చీలో కూర్చోండి, మీకు వేషంలా కనపడేది ఆ డాక్టరుకే చెప్పండి, నచ్చకపోతే రెండోసారి రావొద్దు' అనండి. అలా బతిమాలి తెచ్చిన తండ్రులే చివర్లో ఎక్కువ ప్రశ్నలు అడగడం చూశాను నేను. నోటుబుక్కులో మాట ఆయనకి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పండి. ఇది ఒక్కరు మోసే బరువు కాదు.

అత్తగారికి మాత్రం నోటుబుక్కు సంగతి ఇప్పుడే చెప్పక్కర్లేదు. 'పిల్లకి నిద్ర పట్టడం లేదు, డాక్టరుకి చూపిస్తున్నాం' అంటే చాలు, అది అబద్ధమూ కాదు. 'పిచ్చి డాక్టరు' అన్న మాట అమ్మాయి చెవిన పడకుండా చూడమని మాత్రం గట్టిగా అడగండి. ఆ పేరు పిల్లకి బయటివాళ్లకంటే ముందు ఇంట్లోవాళ్లే పెడతారు, నాకు ఎప్పుడూ కోపం తెప్పించేది ఇదే.

అమ్మాయికి కూడా అబద్ధం చెప్పి తీసుకెళ్లొద్దు. 'కడుపు డాక్టరు' అని చెప్పి తీసుకెళ్లి, గుమ్మం మీద బోర్డు చదివాక అది ఇక మీ మాట ఏదీ నమ్మదు. 'నిద్ర, భయం, చిరాకు చూసే పిల్లల డాక్టరు. నీతో విడిగా మాట్లాడతారు. నచ్చకపోతే వేరే డాక్టరుని వెతుకుదాం, వెళ్లడం మాత్రం మానం' అని చెప్పండి.

రేపు పొద్దున్నే బీరువాలోంచి ఆ చీటీ తీసి ఫోన్ చేయండి. ఖాళీ లేదు, నెల తర్వాత రమ్మంటారేమో. అలా అంటే, చీటీ రాసిచ్చిన డాక్టరుగారినే ఒకసారి మాట్లాడమని అడగండి. ఫోన్‌లో కడుపునొప్పితో మొదలుపెట్టకండి. నోటుబుక్కులో ఉన్న మాట ముందు చెప్పండి.